వాళ్ళింటి నీళ్ళు

ఆవిడ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను మొదట అడిగిన మాట, "ఏం, కడుపులో ఏమైనా వచ్చిందా?" అని. అవతల మాట్లాడుతున్నది ఆవిడ కోడలు. ఏడుస్తూనే, "లేదండీ, తలలో నరం చిట్లిందట. పొద్దున కాఫీ తాగి లేస్తూ పడిపోయారు. కడుపుకేమండీ, నిక్షేపంలా ఉండేవారు కదా" అంది. ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను. నిజం చెప్పొద్దూ, నాకు దుఃఖం కంటే ముందు కుళ్ళు వచ్చింది. చివరిరోజు దాకా తిన్నది అరిగించుకుని పోయింది మహాతల్లి! నేనేమో ఆ ఫోన్ మాట్లాడుతున్నప్పుడు కూడా పొట్టమీద వేడినీళ్ళ సంచీ పెట్టుకునే ఉన్నాను.

ఇలా రాస్తే చదివినవాళ్ళు ఏమనుకుంటారో తెలుసు. అనుకోనీండి. ఆవిడ పేరు మాత్రం రాయను. ఆవిడ గొంతు మీరందరూ విన్నారు, మొహం ఎవరూ చూడలేదు, పేరు ఎవరూ అడగలేదు. మా డబ్బింగువాళ్ళ బతుకే అంత. ఇన్నాళ్ళకు నేను పూనుకుని పేరు చెప్పి, ఆవిడకు ఇంకో ఘనత కట్టబెట్టడం దేనికి?

సినిమావాళ్ళు మద్రాసు నుంచి ఒక్కొక్కరే మూటాముల్లే సర్దుకుని హైదరాబాదు వస్తున్న రోజుల్లో మా పరిచయం. ఎనభైల నడుమ అనుకోండి. జూబ్లీహిల్స్ అంటే అప్పటికింకా బండరాళ్ళూ, వాటి సందుల్లో సీతాఫలం చెట్లూ. ఆ ఎత్తుమీద ఒక డబ్బింగ్ థియేటర్లో ఇద్దరం కలిశాం. నాది గుంటూరు వైపు, ఆవిడది గోదావరి వైపు. రెండోరోజుకే ఒకళ్ళనొకళ్ళం వదినా అని పిలుచుకున్నాం. నేను హీరోయిన్లకు గొంతు ఇచ్చేదాన్ని, ఆవిడ హీరోయిన్ చెల్లెళ్ళకు. ఈ వరస కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత తిరగబడుతుంది.

మా పని తెలియనివాళ్ళ కోసం చెబుతాను. తెరమీద నాలుగు మాటల ముక్క మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది, దాన్ని లూపు అంటాం. తెరమీద పెదవి కదిలిన చోటే మన మాట పడాలి. మైకు ముందు పట్టుచీర పనికిరాదు, గరగరమంటుంది. గాజులు తీసేయాలి. ఆవిడ మైకు దగ్గరికి వెళ్ళేముందు రెండు చేతుల గాజులూ తీసి నా ఒళ్ళో పోసేది. పక్కనే బల్ల ఉన్నా సరే, నా ఒళ్ళోనే. "నీ దగ్గరుంటే నాకు ధీమా వదినా" అనేది. నా గాజులు మాత్రం నేను నా సంచిలోనే వేసుకునేదాన్ని.

చీర మార్చుకోవచ్చు, గాజులు తీసేయొచ్చు, కడుపుని తీసి ఎక్కడ పెడతాం? ఆ మైకుకి చీమ నడిచినా వినిపిస్తుంది. మా ఇద్దరివీ పాడు కడుపులు. తిన్న అరగంటకు ఉబ్బరం, ఆ తర్వాత గుడగుడలు, ఆపైన పరుగులు. అసలు మా స్నేహం కుదిరిందే ఆ బాధమీద. ఆవిడ సంచిలో వాము, నా సంచిలో జీలకర్ర. బంజారాహిల్స్ డాక్టరు దగ్గరికి కలిసే వెళ్ళాం, టోలిచౌకి హకీము దగ్గరికీ కలిసే వెళ్ళాం. అందరూ ఒకటే మాట. "అన్నం మానేయండమ్మా, బరువు. రెండు పూటలా చపాతీ తినండి, తేలిక." మా కోస్తావాళ్ళకు ఒంట్లో ఏం వచ్చినా నేరం అన్నానిదే కదా! మానేశాం. చపాతీతో ఇంకా ఎక్కువైంది. పూర్తిగా పడకేసిన రోజున బ్రెడ్డూ పాలూ. అది తిని మర్నాడు కూడా పడకే. అప్పుడైనా మాకు అనుమానం రావాలా వద్దా? రాలేదు. మధ్యాహ్నం దొంగతనంగా తిన్న రెండు ముద్దల పెరుగన్నం వల్లే ఇదంతా అని ఒట్లు పెట్టుకున్నాం.

ఆ రోజుల్లో నాకు ఆవిడంటే నిజంగా ఇష్టం. నాలాగే బాధపడే మనిషంటే ఎవరికి ఇష్టం ఉండదు?

ఒకసారి ఏదో పేచీ వచ్చి నెలన్నర స్టూడియోలు మూతపడ్డాయి. ఆవిడ గోదావరి వైపు అన్నగారింటికి వెళ్ళింది. వాళ్ళ వదినగారు గట్టి మనిషట. "చపాతీలా? ఈ ఇంట్లో ఆ పిండి పిసుకుడు అలవాటు లేదమ్మా, తింటే అన్నం తిను, లేకపోతే మజ్జిగ తాగి పడుకో" అందట. గతిలేక మూడు పూటలా అన్నమే తింది. పది రోజులు తిరిగేసరికి కడుపు నోరు మూసుకుంది. తిరిగి వచ్చి, స్టూడియో తెరిచిన మొదటిరోజు క్యాంటీన్లో నాతోపాటు పూరీలు తింది. మధ్యాహ్నానికి మెలికలు తిరిగిపోయింది. నేనైతే నూనె మంచిది కాదని తిట్టుకుని ఊరుకునేదాన్ని, ఊరుకున్నాను కూడా. ఆవిడ ఊరుకోలేదు. వారం మానింది, ఒకపూట తింది, మళ్ళీ వారం మానింది. చివరికి ఎవరో డాక్టరమ్మను పట్టుకుంటే, గోధుమలో గ్లూటెన్ అని ఒక జిగురు ఉంటుందనీ, కొందరి పేగులకు అది పడదనీ, మానేయడమే మందనీ చెప్పిందట.

"అన్నం ఏ పాపమూ చేయలేదు వదినా" అంటూ ఆ రోజు థియేటర్లోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "నీదీ ఇదే. ఒక్క పదిహేను రోజులు గోధుమ మానేసి చూడు."

"లోకంలో సగం మంది రొట్టెలు తిని బతుకుతుంటే నీకొక్కదానికే పడదా? చాల్లే సంబడం. నాది గ్యాసు" అన్నాను.

అక్కడినుంచి ఆవిడతో కూర్చుని తినడం ఒక పరీక్ష అయిపోయింది. ఎవరేం పెట్టినా ముందు ఒక చిన్న ముక్క తుంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా లాగేది. కళ్ళు చిట్లించి, వజ్రాలు చూసే షరాబులా. అది విరిగితే నోట్లో వేసుకునేది, సాగితే పక్కన పెట్టేసేది. "సాగిందంటే మనది కాదు." ఈ మాట రోజుకు పదిసార్లు. ఉప్మా వస్తే ఏ రవ్వ అని అడిగేది. పకోడీలో ఏం పిండి కలిపారని వంటవాణ్ణి పిలిపించేది. ఆఖరికి ఇంగువని కూడా వదల్లేదు, డబ్బా ఇంగువలో మైదా కలుపుతారట! తన డబ్బా తనే తెచ్చుకునేది, బియ్యపు రవ్వ ఉప్మానో, అటుకులో, జొన్నరొట్టెనో. ఆ జొన్నరొట్టె వాళ్ళింట్లో వంటచేసే యాదమ్మ నేర్పింది. ఎర్రగడ్డ నుంచి బస్సెక్కి వచ్చేది యాదమ్మ, వంటలో చెయ్యి మంచిది. అదీ ఆవిడ అదృష్టమే, మా ఇంటికి ఒక్క వంటమనిషీ నెల నిలవలేదు.

మూడు నెలల్లో మనిషి మారిపోయింది. బుగ్గలు పూడాయి, మొహానికి నెత్తురొచ్చింది. గొంతులో ఎప్పుడూ ఉండే ఆ చిన్న బొంగురు పోయింది. లూపు మధ్యలో పరుగెత్తడాల్లేవు. నేను మాత్రం పొట్ట పట్టుకుని అక్కడే ఉన్నాను. చూస్తూ చూస్తూ ఎలా ఓర్చుకుంటాం చెప్పండి? నాకు కళ్ళు కుట్టాయి. ఆవిడ చెప్పింది చేస్తే నాకూ తగ్గుతుందేమోనని ఒక మూల అనిపిస్తూనే ఉంది. కానీ తగ్గితే ఆవిడ గెలిచినట్టు కదా. జన్మంతా "నేను చెప్పాను కదా వదినా" అంటుంది. అంతకంటే కడుపునొప్పే నయం అనుకున్నాను. పంతంకొద్దీ క్యాంటీన్లో ఆవిడ ఎదురుగా కూర్చుని రెండు పూరీలు ఎక్కువ తినేదాన్ని.

ఇంతలో ఒక పెద్ద సినిమా వచ్చింది. హీరోయిన్ ఆసుపత్రి మంచంమీద పడుకుని భర్తతో ఆఖరి మాటలు చెప్పుకునే సీను ఉంది. గుసగుసగా, మధ్యలో బోలెడంత నిశ్శబ్దంతో. డైరెక్టరు మా ఇద్దరి గొంతూ వింటానన్నాడు. హీరోయిన్లకు చెప్పేది నేను, నాకు పరీక్షేంటి అని ముందే మండింది. మైకు ముందు నిలబడ్డాను. తెరమీద ఆ పిల్ల కళ్ళు మూసి తెరుస్తోంది. "ఏవండీ" అన్నాను. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నా కడుపు మాట్లాడింది. ఒకటి కాదు, రెండు కాదు, నాలుగు టేకుల్లో నాలుగుసార్లు.

అద్దం వెనక నుంచి సౌండ్ ఇంజనీరు గొంతు వినిపించింది. "అమ్మా, జర ఆగుండ్రి. మైకుల ఏదో ఉరుముతున్నది."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. గాజులు తీసి ఎప్పటిలాగే నా ఒళ్ళో పోసి, వెళ్ళి మైకు ముందు నిలబడింది. ఒకటే టేకు. ఆ హీరోయిన్ గొంతు ఆవిడదైంది. అక్కడితో వరస తిరగబడింది. ఆ తర్వాత నన్ను అమ్మలకీ అత్తలకీ పిలవడం మొదలుపెట్టారు. నాకప్పటికి ముప్ఫయ్యేడేళ్ళు.

ఇక చేసింది చెబుతాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

శ్రావణ శుక్రవారం వచ్చింది. అమ్మవారికి పూర్ణం బూరెలు చేశాను. బూరెకు పైన తోపు అంటే మినప్పప్పూ బియ్యమూ రుబ్బిన పిండి, అంతే. మా అమ్మ చేసినా, ఆవిడ అమ్మ చేసినా అంతే. ఆ రోజు నేను ఆ పిండిలో రెండు గుప్పిళ్ళ మైదా కలిపాను. ఎందుకు కలిపానంటే, దీని రోగం నిజమో నాటకమో తేల్చుకోవాలనుకున్నాను. అది పైకి చెప్పుకున్న మాట. లోపల మాట అది కాదు. మర్నాడు ఆ ఆసుపత్రి సీను అసలు రికార్డింగు ఉంది.

మధ్యాహ్నం ఆకులో చుట్టి తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ బూరె అంచు తుంచి, వేళ్ళ మధ్య పెట్టుకుంది.

"ఏంటి వదినా, అమ్మవారి ప్రసాదాన్ని కూడా లాగి చూస్తావా? నా మీద నీకు ఆ మాత్రం నమ్మకం లేదూ?" అన్నాను.

ఆవిడ చటుక్కున వేళ్ళు విడిచేసింది. నాలుక కరుచుకుంది. "తప్పు తప్పు. ఈ చేతులకు ఇదో పాడు అలవాటైపోయిందే" అని, చెంపలు వేసుకుని, రెండు కళ్ళకూ అద్దుకుని, తినేసింది. ఒకటి కాదు, రెండు. "మీ గుంటూరువాళ్ళ చేతిలో పూర్ణం బావుంటుంది" అని మెచ్చుకుంది కూడా. పక్కనే కూర్చుని నేను నాలుగు తిన్నాను.

మర్నాడు ఆవిడ రాలేదు. మంచం దిగే స్థితిలో లేదని వాళ్ళాయన ఫోన్ చేశాడు. నన్ను కారు పంపి పిలిపించారు. ఎంత సంతోషంగా వెళ్ళానో! నూలుచీర కట్టుకుని, గాజులు సంచిలో వేసుకుని, మైకు ముందు నిలబడి "ఏవండీ" అన్నాను. నా పొట్టలో ఉన్న నాలుగు బూరెలూ ఒక్కసారే బదులు పలికాయి. నన్ను పంపించేసి, ఆవిడ కోసం నాలుగు రోజులు ఆగారు.

ఐదోరోజు వచ్చింది. కళ్ళు లోపలికి పోయాయి, గోడ పట్టుకుని నడుస్తోంది. గాజులు నా ఒళ్ళో పోసింది. మైకు దగ్గర స్టూలు వేయించుకుని కూర్చుని చెప్పింది. ఆ నీరసం, ఆ ఊపిరందకపోవడం, మాటకూ మాటకూ మధ్య ఆ అలుపు! డైరెక్టరు అద్దం వెనక కళ్ళు తుడుచుకున్నాడు. సినిమా ఆడినన్నాళ్ళూ జనం ఆ సీనుకే ఏడ్చారు. అచ్చం చావుమంచం మీద మనిషి మాట్లాడినట్టే ఉందని అందరూ ఒకటే పొగడ్త. నా మైదా పుణ్యాన ఆవిడకు అంత పేరు వచ్చింది! ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్రపట్టదు.

ఆవిడ బూరెల మాట ఎత్తలేదు. ఆ వారం నుంచే నన్ను భోజనానికి పిలవడం మొదలుపెట్టింది, ప్రతి ఆదివారం. "ఒక్కదాన్నే తింటే సయించడం లేదు వదినా, రావే" అని. ఇంట్లో మొగుడూ కొడుకూ ఉండగా ఒక్కతే ఎలా అవుతుందో నేను అడగలేదు.

వాళ్ళిల్లు ఫిల్మ్‌నగర్ పైన గుట్టమీద. అక్కడ స్థలాలు ఇస్తున్నప్పుడు మా ఆయనకూ అవకాశం వచ్చింది. "ఆ రాళ్ళలో మేకలుంటాయి, మనమెందుకు" అని వదిలేశాడు. ఆవిడ మొగుడు తీసుకున్నాడు. ఆ గుట్టమీద నాలుగిళ్ళవాళ్ళు బోర్లు వేయిస్తే ముగ్గురికి దుమ్ము వచ్చింది, ఆవిడకు నీళ్ళు పడ్డాయి. చూశారా మరి!

ఆ ఇంట్లో భోంచేసిన రోజు నా కడుపు చప్పుడు చేసేది కాదు. మొదట్లో గమనించలేదు. ముద్దపప్పు, వంకాయ కూర, జొన్నరొట్టె, పులుసు, పరమాన్నం. పీకలదాకా తిన్నా ఉబ్బరం లేదు, గుడగుడ లేదు. ఆదివారం రాత్రి చంటిపిల్లలా పడుకునేదాన్ని. సోమవారం మా ఇంట్లో చపాతీలు తినగానే మళ్ళీ మామూలే. ఆలోచించి ఆలోచించి చివరికి కనిపెట్టాను. నీళ్ళు! అంతా ఆ బోరునీళ్ళ మహిమ. ఈవిడకు నయమైంది గోధుమ మానేసినందుకు కాదు, ఈ నీళ్ళు పడ్డందుకు. నీళ్ళ సంగతి దాచి పెట్టి నాకు గోధుమ కబుర్లు చెబుతోందన్నమాట. ఎంత నంగనాచి!

తర్వాతి ఆదివారం ఐదు లీటర్ల డబ్బా పట్టుకెళ్ళాను. "మీ నీళ్ళు రుచిగా ఉంటాయి వదినా, కాసిని పట్టుకెళ్తాను" అన్నాను. ఆవిడ నా వంక ఒక్క క్షణం చూసింది. "దానికేంటి, నిండా పట్టుకెళ్ళు" అంది. అలా ఏడేళ్ళు మోశాను. గుట్ట దిగి, బస్సెక్కి, చెయ్యి లాగేస్తున్నా మోశాను. ఇంటికి తెచ్చి ఆ నీళ్ళు తాగుతూ చపాతీలు తినేదాన్ని. మా ఇంట్లో ఆ నీళ్ళు ఎందుకు పనిచేయడం లేదో నాకు అర్థమయ్యేది కాదు. ఆదివారం భోజనంలో పోసేవి వేరే నీళ్ళేమో, డబ్బాలో పోయించేవి వేరే నీళ్ళేమో అని అనుమానం. ఒకసారి వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి చూసి కూడా వచ్చాను.

పన్నెండో రోజు భోజనానికి వెళ్ళాను. దండ వేసిన ఫోటోలో నుదుట ఇంత బొట్టుతో నవ్వుతోంది. సుమంగళిగా పోయింది, అదీ ఆవిడకే రాసిపెట్టి ఉంది. పైకి దుఃఖంగానే కూర్చున్నాను. కొంత దుఃఖం నిజమే. సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. అందులో డబ్బా ఉంది. ఇక మీదట ఈ ఇంటికి నన్నెవరు పిలుస్తారు, చివరిసారి నిండా పట్టుకుపోదామని తెచ్చుకున్నాను. సిగ్గులేనిదాన్ని, ఏం చేయను.

ఆకులో గారెలు, బూరెలు వడ్డించారు. నా చేయి తనంతట తనే బూరె అంచు తుంచింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి లాగింది. అది సాగలేదు, పుటుక్కున విరిగింది. తలెత్తి చూస్తే ఎదురుగా గంటె పట్టుకుని యాదమ్మ.

"గట్ల సాగదమ్మా" అంది యాదమ్మ. కళ్ళు వాచి ఉన్నాయి. "మీరొస్తరని మీ వాయి నేనే వేరే తీసిన, మైదా తగలనియ్యలే. మీరొచ్చే ఐతారం ఈ ఇంట్ల గోధుమపిండి డబ్బా అటక మీదికి పోతుండె. సార్‌కు గూడ చపాతీ బంద్. అమ్మ ముందు దినమే చెప్తుండె నాకు. మా వదిన కడుపు గూడ నా కడుపు లెక్కనే యాదమ్మా, చెప్తే ఇనది, మొండిది, మనమే చూస్కోవాలె అని."

విరిగిన ముక్క ఆకులో పెట్టేశాను.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే వచ్చుడు బంద్ చేస్తరంట. ఎనకట మీ ప్రసాదం తిని అమ్మ నాలుగు దినాలు పండలే? అప్పుడు నేను మిమ్మల్ని బాగ తిట్టిన. అమ్మ నామీద కోపం చేసింది. 'తెల్వక కలిపి ఉంటది, ఆమె గూడ నా పక్కన గూసోని నాలుగు తిన్నది, ఆమెకెంత నొస్తున్నదో ఏమో పాపం' అన్నది. అప్పటిసంది గద మిమ్మల్ని బువ్వకు పిలుసుడు షురూ చేసింది."

తెల్వక కలిపి ఉంటది. ఏడేళ్ళు ఆదివారం ఆదివారం నాకు ఎదురుగా కూర్చుని, వడ్డించి, అదే అనుకుంటూ ఉంది.

యాదమ్మ ఇంకో బూరె నా ఆకులో వేసింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"డబ్బా తెచ్చిన్రామ్మా? నీళ్ళు నింపిస్త, పోయేటప్పుడు మర్సిపోతరు."

సంచి నా కాలికి తగులుతోంది. తేలేదని చెప్పాను.